బడిలో బొమ్మల ప్రదర్శన: మీ ప్రశ్నలు, మా జవాబులు

విద్యార్థుల చిత్రకళా ప్రదర్శన పెట్టబోతున్న టీచర్లు, తల్లిదండ్రులు, పిల్లల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా చేశాం.

మా బడిలో 300 మంది పిల్లలు. ప్రతి ఒక్కరి బొమ్మా ఉండాలని మా కోరిక. ఉన్నది ఒక హాలు, దాన్ని ఆనుకుని ఒక వరండా. పని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? (ఒక ప్రధానోపాధ్యాయురాలు)

గోడలు కొలవడం దగ్గర మొదలుపెట్టండి. బొమ్మలు ఎంచుకున్నాక చోటు వెతికితే చివరి రోజు వాటిని ఒకదాని పక్కన ఒకటి ఇరికించాల్సి వస్తుంది. తలుపులు, కిటికీలు, స్విచ్‌బోర్డులు, నోటీసు బోర్డులు పోగా నేల నుంచి 80 సెం.మీ. మొదలు 200 సెం.మీ. వరకు ఖాళీగా ఉన్న గోడ పొడవు ఎంతో రాసుకోండి. బొమ్మలకు పనికొచ్చే గోడ ఆ పట్టీ మాత్రమే. అంతకంటే కింద పెట్టినవి జనం కాళ్ల వెనక పడిపోతాయి, పైన పెట్టినవి మెడ ఎత్తితే తప్ప కనిపించవు.

ఎ3 కాగితం 29.7 × 42 సెం.మీ. ఉంటుంది. మూడు వైపులా 6, కింద 7 సెం.మీ. మౌంటు, అంటే బొమ్మ వెనక పెట్టే అట్ట అంచు, వదిలితే నిలువు బొమ్మ దాదాపు 42 సెం.మీ. వెడల్పు, 55 సెం.మీ. ఎత్తు అవుతుంది. పక్కదానికీ దీనికీ మధ్య 15 సెం.మీ. ఖాళీ కలుపుకుంటే ఒక్కో బొమ్మకు 57 సెం.మీ. గోడ కావాలి. 10 మీటర్ల గోడకు ఒక వరుసలో 17 బొమ్మలు, రెండు వరుసల్లో 34 పడతాయి. అలాంటి గోడలు నాలుగు ఉన్నా 136 దగ్గర ఆగిపోతాం. మూడో వరుస జోలికి మాత్రం వెళ్లవద్దు.

అందరి బొమ్మలూ ఉండాలన్న మీ నిర్ణయాన్ని వదులుకోకండి. అందుకు మేం సూచించేది ఒక ఉమ్మడి చిత్రం. ప్రతి బిడ్డకూ 15 సెం.మీ. చదరపు కాగితం ఒకటి ఇవ్వండి. అడ్డంగా 20, నిలువుగా 15 చదరాలు పేరిస్తే 300 అవుతాయి. గోడ మీద అది 3 మీటర్ల వెడల్పు, 2.25 మీటర్ల ఎత్తు ఉన్న ఒకే చిత్రం. విషయం ఒకటే ఇవ్వండి, ‘కిటికీలోంచి కనిపించేది’ లాంటిది. రంగులు మూడు నాలుగుకు పరిమితం చేయండి. లేకపోతే దూరం నుంచి చూసినప్పుడు అదంతా కలగాపులగంగా ఉంటుంది. కాగితాలన్నీ ఒకే మనిషి, ఒకే కటింగ్ మిషన్ మీద కోయాలి. ఒక్కో చదరంలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా 20వ చదరానికి అది 2 సెం.మీ. అయి కూర్చుంటుంది. చదరాల మధ్య 3 మి.మీ. సందు వదిలితే చిన్న తేడాలు అందులో కలిసిపోతాయి. చిన్న తరగతుల చదరాలు కింది వరుసల్లో పెట్టండి. తమది ఎక్కడుందో వాళ్లు వేలు పెట్టి చూపించుకోగలగాలి.

విడి బొమ్మల విషయానికి వస్తే, వాటిని పెట్టే ప్రతి పిల్లా పిల్లాడూ తన వాటిలోంచి మూడు తెచ్చుకోవాలి, టీచరుతో కూర్చుని ఒకటి ఖాయం చేసుకోవాలి. ఎందుకు ఇదే అని చెప్పుకునే ఆ ఐదు నిమిషాల్లో బిడ్డ తన పనిని తాను చూడటం నేర్చుకుంటుంది. ఆ మాటలు రాసిపెట్టుకోండి, తర్వాత బొమ్మ పక్కన పెట్టే చీటీల మీద పనికొస్తాయి.

గోడలు చాలకపోతే 8 × 4 అడుగుల ప్లైవుడ్ పలకలు నిలువుగా నిలబెట్టి కీళ్లతో కలపవచ్చు. ఒక్క పలకను నిలబెడితే చేయి తగిలినా పడుతుంది. కనీసం మూడింటిని వంకరటింకరగా, ఒకదానికొకటి 60 నుంచి 90 డిగ్రీల కోణంలో ఉండేలా నిలపాలి.

ఎన్ని వారాల ముందు నుంచి సన్నాహం అవసరం? (డ్రాయింగ్ టీచర్)

పది వారాలు ఉంటే హడావిడి ఉండదు. మొదటి వారంలో తేదీ, చోటు, విషయం ఖాయం కావాలి. తర్వాతి ఐదు వారాలు బొమ్మలు వేయడానికి. ఆరో వారం ముగిశాక కొత్త బొమ్మ తీసుకోకండి, ఈ ఒక్క నియమం దగ్గర గట్టిగా ఉండండి. ఏడు, ఎనిమిది వారాలు మౌంటు పనికి, తొమ్మిదో వారం చీటీలకు, ఆహ్వానాలకు. పదో వారంలో గోడకెక్కించడం.

ఎక్కువ బడుల్లో దెబ్బతినేది మౌంటు పని దగ్గరే. ఒక బొమ్మకు పది నిమిషాలు వేసుకోండి. 120 బొమ్మలకు 20 గంటలు. ముందురోజు సాయంత్రం ఇద్దరు టీచర్లు కూర్చుంటే అది తెమలదు. నలుగురు పెద్ద తరగతుల పిల్లలకు నేర్పి రెండు మూడు మధ్యాహ్నాలు ఇస్తే శుభ్రంగా అయిపోతుంది.

బొమ్మ చేతికి వచ్చిన రోజే ఒక రిజిస్టరులో నంబరు, పేరు, తరగతి, శీర్షిక, ఏ రంగులతో వేసింది, కొలత ఎక్కించండి. బొమ్మ వెనక అదే నంబరు, పేరు, పైవైపు ఏదో చూపే బాణం గుర్తు 2బి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. స్కెచ్ పెన్ను ముందువైపుకు ఊరుతుంది, బాల్ పెన్ను గీత అచ్చులా పైకి తేలుతుంది. గోడకెక్కించిన రోజుకూ ప్రారంభానికీ మధ్య ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచండి. ఊడేవి, వంగేవి ఆ రాత్రి బయటపడతాయి.

పోయినసారి రాత్రికి రాత్రి సగం బొమ్మలు కింద పడ్డాయి. మిగిలినవి తీస్తుంటే గోడ రంగు ఊడొచ్చింది. ఏ టేపు మంచిది? (డ్రాయింగ్ టీచర్)

టేపు మార్చినంత మాత్రాన ఇది తీరదు. గోడ మీద కంటికి కనిపించని దుమ్ము, సున్నపు పొడి ఉంటాయి. జిగురు వాటికి అంటుకుంటుంది తప్ప గోడకు అంటదు. వేడికి జిగురు మెత్తబడి జారుతుంది. రాత్రి గాలిలో తేమ పెరిగినప్పుడు కాగితం ఆ తేమ పీల్చి సాగుతుంది, టేపు సాగదు. ఆ పెనుగులాటలో అంచులు ముందు లేస్తాయి, తర్వాత బొమ్మ బరువు మిగతాది లాగేస్తుంది. డబుల్ సైడ్ టేపు గట్టిగా పట్టిన చోటల్లా గోడ రంగునైనా ఊడదీస్తుంది, బొమ్మ వెనక పొరనైనా చింపుతుంది. ముద్దలా ఉండే పోస్టర్ గమ్ కాగితం మీద నూనె మరక వదులుతుంది.

గోడకు అతికించకుండా గోడ ముందు వేలాడదీయండి. ఒకే మట్టంలో రెండు మీటర్లకొక కొక్కెం కొట్టి సన్నని స్టీలు తీగ బిగించండి. నైలాన్ తాడు మొదటి రోజు బిగువుగా ఉండి, బరువుకు రోజురోజుకూ సాగి మధ్యలో వేలాడుతుంది. ఒక్కో బొమ్మకు పైఅంచున రెండు బైండర్ క్లిప్పులు వాడండి. రెండు చివరల నుంచి వెడల్పులో నాలుగో వంతు దూరంలో ఒక్కోటి ఉండాలి. ఒక్క క్లిప్పే అయితే ఫ్యాను గాలికి బొమ్మ తిరిగిపోతుంది, పైమూలలు ముందుకు వాలతాయి. క్లిప్పు మౌంటును పట్టాలి, బొమ్మ కాగితాన్ని కాదు. గాలి ఎక్కువ ఉండే వరండాలో మౌంటు వెనక కింది అంచున ఒక అట్టముక్క బరువుగా అతికిస్తే రెపరెపలు ఆగుతాయి.

మౌంటుకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) అట్ట సరిపోతుంది. రంగు ముతక తెలుపో లేత బూడిదో ఉండాలి. ఎర్ర, నీలం చార్టుల మీద అతికిస్తే చూపు చార్టు మీదికే పోతుంది. బొమ్మను నాలుగు వైపులా జిగురుతో అతికించకండి. తేమకు అది సాగడానికి దారి లేక మధ్యలో ఉబ్బుతుంది. పైఅంచున రెండు చోట్ల మాత్రమే పట్టు ఇవ్వాలి. 4 సెం.మీ. కాగితపు టేపు ముక్కను జిగురు బయటికి వచ్చేలా సగానికి మడవండి. ఒక సగం బొమ్మ వెనక పైఅంచుకు, రెండో సగం అట్టకు అంటించండి. అట్ట వైపు సగం మీద అడ్డంగా ఇంకో ముక్క వేస్తే గట్టిపడుతుంది. బొమ్మ తలుపులా పైనుంచి వేలాడుతుంది, కింది అంచు స్వేచ్ఛగా ఉంటుంది. తీసేటప్పుడు చిరగదు కూడా.

వాటర్ కలర్ కాగితం అప్పటికే అలలు తేలి ఉంటే, వెనకవైపు మంచినీళ్లు పొగమంచులా చల్లి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన పలకా పుస్తకాలూ ఒకరోజు ఉంచండి. పేస్టల్, స్కెచ్ పెన్ను, మందంగా వేసిన పోస్టర్ కలర్ బొమ్మలకు ఈ పని చేయకూడదు.

ఎంత ఎత్తులో పెట్టాలి? పెద్దలూ వస్తారు, మొదటి తరగతి పిల్లలూ వస్తారు. (ప్రాథమిక పాఠశాల టీచర్)

మ్యూజియంలలో బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 150 సెం.మీ. ఎత్తులో ఉండేలా చూస్తారు. అది నిలబడ్డ పెద్దల కంటి ఎత్తు. ఐదేళ్ల బిడ్డ కన్ను దాదాపు మీటరు ఎత్తులోనే ఉంటుంది. ప్రాథమిక బడి అయితే మధ్యగీత 115 నుంచి 120 దగ్గర పెట్టండి. పెద్దవాళ్లు కొంచెం వంగి చూస్తారు, పిల్లలు మాత్రం సాగి చూడలేరు. అన్ని తరగతులూ ఉన్న బడిలో 140 బాగుంటుంది. రెండు వరుసలు ఉంటే వాటి మధ్య 10 సెం.మీ. ఖాళీ వదిలి, ఆ ఖాళీ సరిగ్గా మధ్యగీత మీద పడేలా చూడండి.

ఏ అంకె ఎంచుకున్నా హాలంతా అదే ఉండాలి. బొమ్మల పైఅంచులు కలపడం కంటే మధ్యభాగాలు ఒకే గీత మీదికి తెస్తే చిన్నవీ పెద్దవీ కలిపినా వరుస కుదురుగా కనిపిస్తుంది. తీగకు కాకుండా, వెనక తాడున్న బొమ్మను విడి కొక్కేనికి తగిలిస్తే ఆ కొక్కెం ఎత్తుకు లెక్క ఇది: మధ్యగీత ఎత్తుకు బొమ్మ ఎత్తులో సగం కలిపి, వెనక తాడు బిగిసినప్పుడు పైఅంచుకు ఎంత కిందికి ఉంటుందో అంత తీసేయాలి. మధ్యగీత 145, బొమ్మ 55, తాడు 5 సెం.మీ. కిందికి ఉంటే 145 + 27.5 − 5, అంటే 167.5 సెం.మీ. దగ్గర కొక్కెం కొట్టాలి.

ప్రతిసారీ నేల నుంచి కొలవకండి. నేలలో వాలు ఉంటే వరుసంతా వాలుతుంది. ఒక చివర కొలిచి, స్పిరిట్ లెవెల్‌తోనో నీళ్ల గొట్టంతోనో రెండో చివరకు మట్టం పట్టి, మధ్యలో దారం లాగండి. ఒకే బిడ్డ వేసిన మూడు నాలుగు బొమ్మల వరుస ఉంటే వాటి మధ్య 5 సెం.మీ. మాత్రమే వదలండి. దగ్గరితనం చూసి అవి ఒకే చేతివని తెలుస్తుంది.

పేస్టల్ బొమ్మలు చెదిరిపోతున్నాయి, మట్టి బొమ్మలు పగులుతున్నాయి, రంగులు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. ఏం చేయాలి? (క్రాఫ్ట్ టీచర్)

ఒక్కో మాధ్యమానికి ఒక్కో బలహీనత ఉంది. చాక్ పేస్టల్, బొగ్గు బొమ్మలు కాగితపు గరుకు మీద నిలిచిన పొడి తప్ప ఇంకేం కావు. ఆరుబయట బొమ్మను నిలువుగా పట్టి వెనక నుంచి తట్టి వదులుగా ఉన్న పొడి రాలగొట్టండి. తర్వాత 30 సెం.మీ. దూరం నుంచి, పొడిని కాగితానికి పట్టించే ఫిక్సేటివ్ స్ప్రే పలచగా రెండు మూడు పూతలు చల్లాలి, పూతకూ పూతకూ మధ్య పావుగంట ఆగాలి. ఒకేసారి తడిసేలా చల్లితే రంగులు నల్లబడి మచ్చలు పడతాయి. ఈ పని పెద్దవాళ్లే, గాలి ఆడే చోటే చేయాలి. ఆయిల్ పేస్టల్‌లోని నూనె, మైనం ఎప్పటికీ పూర్తిగా ఆరవు కాబట్టి వాటిని ఎండకూ ఒత్తిడికీ దూరంగా ఉంచడమే మార్గం.

యాక్రిలిక్ చేతికి ఆరినట్టే అనిపిస్తుంది. కానీ రెండు బొమ్మల రంగు వైపులు ఒకదాని మీద ఒకటి పెట్టి బరువు పడితే వారాల తర్వాత కూడా అతుక్కుంటుంది. మధ్యలో బటర్ పేపర్ తప్పనిసరి. ప్లాస్టిక్ కవరు పెడితే అదీ అంటుకోవచ్చు. మందంగా వేసిన పోస్టర్ కలర్‌ను చుట్ట చుడితే పెచ్చులు లేస్తాయి.

మట్టి బొమ్మలు పగిలేది అతుకుల దగ్గర. పలచటి చెవులు, చేతులు ముందు ఆరి కుంచించుకుపోతాయి, మందమైన ఒళ్లు ఇంకా తడిగా ఉంటుంది, ఆ తేడాకు అతుకు విడుతుంది. వదులుగా ప్లాస్టిక్ కప్పి వారం పది రోజులు నెమ్మదిగా ఆరనివ్వండి. అతికించే ముందు రెండు వైపులా గీతలు గీకి, పలచని మట్టిముద్ద రాయాలి. కాల్చని మట్టి బొమ్మను ఎప్పుడూ అడుగున రెండు చేతులు పెట్టి ఎత్తాలి, తోకా తలా పట్టుకుని కాదు. బల్ల అంచుకు 20 సెం.మీ. లోపలికి పెట్టండి.

మా అబ్బాయి బొమ్మను ప్రదర్శనకు ముందు టీచరు ‘కొంచెం సరిదిద్దారు’. ఇది నా బొమ్మ కాదంటున్నాడు. ఎవరిది తప్పు? (ఒక తల్లి)

అబ్బాయి మాట నిజం. అది ఇప్పుడు వాడి బొమ్మ కాదు. పెద్దల చేయి పడ్డ బొమ్మను గోడ మీద చూసిన బిడ్డకు అర్థమయ్యేది ఒక్కటే, తాను వేసింది చాలలేదని.

పిల్లల బొమ్మల్లో తల పెద్దదిగా, చేతులు కర్రల్లా ఉంటాయి. ఇంటి గోడలోంచి లోపలి మంచం కనిపిస్తుంది. ఇవి తప్పులు కావు. ముఖ్యమనుకున్నదాన్ని పెద్దగా, ఉందని తెలిసినదాన్ని కనిపించేలా గీస్తారు, వయసుతో పాటు అది మారుతుంది. వియన్నాలో 1897లో బాలల కళా తరగతి తెరిచిన ఫ్రాంజ్ సిజెక్ పెద్దల పద్ధతిని పిల్లల మీద రుద్దవద్దన్నాడు. పిల్లల బొమ్మను బొమ్మగా చూడటానికి అది పెద్ద మలుపు.

టీచరు గారితో మెల్లగా మాట్లాడండి. ఆ బొమ్మ బదులు మరొకటి పెట్టడమా, వద్దా అన్నది అబ్బాయికే వదలండి. సాయం చేయాలనుకునే టీచర్లకు దారులు లేకపోలేదు. ప్రశ్న అడగండి, ఇంకో కాగితం ఇవ్వండి, ఇంకో పూట సమయం ఇవ్వండి. తప్పనిసరిగా చూపాల్సింది ఉంటే వేరే కాగితం మీద గీసి చూపండి.

తరగతి వారీగా అమర్చాలా, విషయం వారీగానా? (ప్రదర్శన కమిటీ)

విషయం వారీగా. తరగతి వారీగా పెడితే తల్లిదండ్రులు తమ బిడ్డ తరగతి గోడ దగ్గరికి వెళ్లి, ఫొటో తీసుకుని, వెనక్కి తిరుగుతారు. రెండో తరగతి బిడ్డ వేసిన వానా, పదో తరగతి అమ్మాయి వేసిన వానా పక్కపక్కనే ఉంటే రెండింటినీ చూస్తారు, ఒకదానివల్ల ఇంకొకటి బాగా కనిపిస్తుంది.

గోడ మీద చోటు కోసం చిత్రకారులు పోట్లాడుకున్న చరిత్ర ఉంది. ఫ్రాన్స్ అధికారిక కళా ప్రదర్శన అయిన పారిస్ సలోన్‌లో బొమ్మలను అంచుకు అంచు ఆనించి పైకప్పు దాకా నింపేవారు, పైకి పోయిన బొమ్మ లేనట్టే లెక్క. 1874లో మోనే, రెన్వార్, దెగా వంటి చిత్రకారులు ఛాయాగ్రాహకుడు నదార్ పాత స్టూడియోలో సొంతంగా ప్రదర్శన పెట్టుకోవడానికి ఆ సలోన్ తీరు మీద అసంతృప్తి కూడా ఒక కారణం.

అమరిక ముందు కాగితం మీద చేయండి. గోడను 1:20 కొలతలో గీస్తే 10 మీటర్లు 50 సెం.మీ. అవుతాయి, ఎ3 మౌంటు 2.1 × 2.75 సెం.మీ. ముక్క అవుతుంది. ముక్కలు కత్తిరించి జరుపుకుంటూ చూడటం పిల్లలకు ఇష్టమైన పని. తర్వాత అసలు బొమ్మలను ఆ గోడ కిందే నేల మీద పరిచి, పది అడుగుల దూరం నుంచి చూడండి. తలుపు దగ్గర నిలబడితే ఎదురుగా కనిపించే గోడకు దూరం నుంచే పిలిచే బొమ్మ కావాలి. పెన్సిల్ బొమ్మల పక్కన ముదురు రంగులవి పెట్టకండి, పెన్సిల్ గీత వెలవెలబోతుంది. వాటికి వేరే చిన్న గోడ, దగ్గరగా నిలబడే చోటు ఇవ్వండి. ఏదో ఒక గోడ సగం ఖాళీగా మిగిలితే దాన్ని నింపాలని చూడకండి.

చీటీల మీద ఏం రాయాలి? (ఎనిమిదో తరగతి టీచర్)

రిజిస్టరు నంబరు, పేరు, తరగతి, శీర్షిక, మాధ్యమం. 9 × 5.5 సెం.మీ. తెల్ల కార్డు, పేరు 18 పాయింట్లు, మిగతావి 14. లామినేషన్ వద్దు, మెరుపుకు అక్షరాలు కనిపించవు. బొమ్మకు కుడిపక్క, కింది అంచుతో సమానంగా పెట్టండి. అచ్చు వేసే ముందు ప్రతి బిడ్డ చేతా తన పేరు చదివించి సంతకం పెట్టించండి. ప్రదర్శన రోజున పిల్లలను అన్నిటికంటే నొప్పించేది పేరులో తప్పు.

శీర్షిక బిడ్డే పెట్టాలి. కొన్ని బొమ్మలకు ఒకటి రెండు వాక్యాలు కూడా చేర్చవచ్చు. ‘ఇదేమిటి?’ అని కాకుండా ‘ఇందులో ఏం జరుగుతోంది?’ అని అడిగి, చెప్పిన మాటలు చెప్పినట్టే రాయండి. ఇటలీలోని రెజ్జియో ఎమిలియా శిశు పాఠశాలలు బొమ్మలతో పాటు పిల్లల మాటలనూ, పని జరుగుతున్నప్పటి ఫొటోలనూ గోడ మీద పెట్టే పద్ధతికి ప్రపంచమంతా పేరుపడ్డాయి. పెద్దలు రాసిన పొగడ్త కంటే అవి బొమ్మ గురించి ఎక్కువ చెబుతాయి. పిల్లల ఫొటోలు, పూర్తి పేర్లు బయట పెట్టే ముందు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

వచ్చినవాళ్లు అన్నీ చూడకుండా పది నిమిషాల్లో వెళ్లిపోతారు. మా ఆర్ట్ క్లబ్బు ఏం చేయగలదు? (తొమ్మిదో తరగతి విద్యార్థిని)

మంచి ప్రశ్న అడిగావమ్మా. జనం చూడకపోవడానికి కారణం ఇష్టం లేకపోవడం కాదు, ఏం చూడాలో తెలియకపోవడం. వాళ్లకు చేతిలో ఒక పని పెట్టండి.

పోస్ట్‌కార్డంత కాగితం మీద ఆరు చిన్న ఫొటోలు అచ్చు వేయండి. ఒక్కోటి ప్రదర్శనలోని ఏదో బొమ్మలో 3 సెం.మీ. ముక్క: ఒక కన్ను, ఒక ఆకు, ఒక చక్రం. ఇది ఏ బొమ్మలోదో కనిపెట్టి నంబరు రాయాలి. ఒక్కో గోడ నుంచి ఒక్కో ముక్క తీసుకుంటే మనిషి హాలంతా తిరగక తప్పదు. మరీ తేలికైనవి వద్దు, ఒకేలాంటి బొమ్మలు రెండున్న చోట నుంచి తీయవద్దు.

తర్వాతది దారి చూపేవాళ్లు. ఒక్కొక్కరు ఐదు బొమ్మలు మాత్రమే తీసుకోండి. ఆ బొమ్మలు వేసిన ఐదుగురితో ముందే మాట్లాడి ఉండాలి. వచ్చినవాళ్లకు వెంటనే వివరించడం మొదలుపెట్టకుండా ‘మీకు ముందు ఏం కనిపించింది?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఆ మౌనం ఇబ్బందిగా అనిపిస్తుంది, అయినా ఆగండి, వాళ్లు చూసేది అప్పుడే.

ఒక బల్ల మీద ఒకే బొమ్మ పుట్టిన క్రమం పెట్టండి: చిత్తు గీతలు, రంగు పరీక్షించిన కాగితాలు, పనికిరాదని పక్కన పెట్టిన మొదటి ప్రయత్నం, వాడిన కుంచె. పెద్దవాళ్లు ఎక్కువసేపు ఆగేది ఆ బల్ల దగ్గరే.

అభిప్రాయాల పుస్తకం పెడితే ‘చాలా బాగుంది’ అని యాభై సంతకాలు వస్తాయి. దాని బదులు ‘నేను ఎక్కువసేపు చూసిన బొమ్మ నంబరు..., అందులో నాకు కనిపించింది...’ అని ఖాళీలున్న చీటీలు ఇచ్చి ఒక పెట్టెలో వేయించండి. టీచరు ఒకసారి చదివాక ఏ బొమ్మ గురించిన చీటీలు ఆ బొమ్మ వేసినవాళ్లకు అందజేయండి. వేసినవాళ్ల గొంతు వినిపించే క్యూఆర్ కోడ్ పెట్టాలనుకుంటే అది 3 సెం.మీ.కు తగ్గకూడదు, మాట 40 సెకన్లు దాటకూడదు. ఫోను లేనివాళ్ల కోసం అదే మాట పక్కన రాసి ఉంచాలి. ఇవన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు. రెండు ఎంచుకుని వాటినే బాగా చేయండి.

హాల్లో ట్యూబ్‌లైట్లే ఉన్నాయి, ఒకవైపు పెద్ద కిటికీలు. (డ్రాయింగ్ టీచర్)

కిటికీల మధ్య గోడను వదిలేయండి, వెలుగుకు కళ్లు చెదిరి అక్కడ పెట్టిన బొమ్మ చీకటిగా కనిపిస్తుంది. కిటికీలకు ఎదుటి గోడ మంచిది, అయితే అక్కడ అద్దాల ఫ్రేములు పెడితే బొమ్మ బదులు కిటికీ కనిపిస్తుంది. మూడు నాలుగు రోజుల ప్రదర్శనకు అద్దం అక్కర్లేదు. నేరుగా ఎండ పడే చోట స్కెచ్ పెన్నుల, ఫ్లోరోసెంట్ రంగుల బొమ్మలు వద్దు, వాటి రంగు త్వరగా వెలిసిపోతుంది. స్పాట్‌లైట్లు దొరికితే నిలువు గీతకు 30 డిగ్రీల కోణంలో పడేలా తిప్పండి. ఎల్‌ఈడీ డబ్బా మీద సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 లేదా అంతకంటే ఎక్కువ, 3000 నుంచి 4000 కెల్విన్ (వెలుగు ఎంత పసుపో ఎంత తెలుపో చెప్పే కొలత) అని ఉన్నది తీసుకోండి. ఒకే గోడ మీద పసుపు లైటూ తెల్ల లైటూ కలపవద్దు. వెలుతురును ప్రదర్శన జరిగే గంటలోనే పరీక్షించండి.

బహుమతులు ఇవ్వాలా? (పాఠశాల కమిటీ సభ్యుడు)

వద్దని మా సలహా. మొదటి బహుమతి చీటీ అంటించిన బొమ్మ ముందు జనం గుమిగూడతారు, దాని పక్కన ఉన్నది ఓడిపోయిన బొమ్మ అయిపోతుంది. పోటీ పెట్టాలనుకుంటే వేరే రోజు, వేరే చోట పెట్టండి.

ప్రారంభం రోజు జనాన్ని ఎలా పంపాలి? (ప్రధానోపాధ్యాయుడు)

నడిచే దారి ఎక్కడా 1.5 మీటర్లకు తగ్గకూడదు. చక్రాల కుర్చీ తిరగడానికి కావాల్సిందీ అంతే. బయటికి పోయే తలుపుల ముందు పలకలు, కాగితపు తోరణాలు పెట్టవద్దు. వైర్లు గోడ వెంట పోవాలి. ఉపన్యాసాలు హాలు బయట, పది నిమిషాల్లో ముగించండి. పిల్లలను 25 మంది చొప్పున 20 నిమిషాలకొక జట్టుగా పంపితే 300 మందికి 12 జట్లు, నాలుగు గంటలు పడుతుంది. తల్లిదండ్రులు వచ్చే సమయం దీనికి వేరుగా ఉండాలి. రెండూ కలిస్తే చిన్నపిల్లలకు పెద్దల నడుములు తప్ప ఏమీ కనిపించవు.

ముగిశాక బొమ్మలు పాడైపోకుండా తిరిగి ఇవ్వడం ఎలా? (డ్రాయింగ్ టీచర్)

దింపకముందే ప్రతి బొమ్మనూ ఫొటో తీయండి. కెమెరా బొమ్మ మధ్యభాగం ఎత్తులో, గోడకు సమాంతరంగా ఉండాలి. ఫ్లాష్ వాడకండి. దగ్గరగా నిలబడి తీస్తే అంచులు వంగుతాయి, కాబట్టి రెండు మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేయండి.

దింపే పనికి ఇద్దరు ఉండాలి. ఒకరు బొమ్మను కింద నుంచి పట్టుకుంటే ఇంకొకరు క్లిప్పులు తీయాలి. దించిన వెంటనే రిజిస్టరులో నంబరు కొట్టేయండి. బటర్ పేపర్ మధ్యలో వేసి, 25కు మించకుండా కట్టలుగా రెండు గట్టి అట్టల మధ్య చదునుగా ఉంచండి. చుట్ట చుట్టక తప్పకపోతే రంగు బయటికి ఉండేలా, కనీసం 10 సెం.మీ. వ్యాసం ఉన్న గొట్టం మీద వదులుగా చుట్టండి. రంగు లోపలికి ఉంటే అది నలిగి పగులుతుంది.

ఇచ్చే తేదీని ఆహ్వానంలోనే ప్రకటించండి. బిడ్డ చేతికే ఇచ్చి సంతకం తీసుకోండి, స్నేహితుడి చేతికి ఇచ్చినవి ఇంటికి చేరకపోవచ్చు. చెడిపోయిన బొమ్మ ఉంటే దాచకుండా ముందు ఆ బిడ్డకే చూపించి, ఎలా జరిగిందో చెప్పండి. ఎవరూ తీసుకోనివి పేరున్న కవరులో పెట్టి, బిడ్డ వెళ్లే తర్వాతి తరగతి టీచరుకు అప్పగించండి.